రోడ్డు లేని చోట రోబో నేలను చూసి అర్థం చేసుకోవాలంటే ఏం చేయాలి?

కాలేజీ ల్యాబ్‌లో తిరిగే రోబో తయారైంది. గోడలు తప్పించుకుంటోంది, చెప్పిన చోటికి వెళ్తోంది. ఇప్పుడు దాన్ని పొలంలోకో, గుట్ట పక్కకో తీసుకెళ్ళాలని ఉంది. పంట ఫోటోలు తీయడానికి కావచ్చు, మందు కొట్టడానికి కావచ్చు, సోలార్ ప్లాంట్ చుట్టూ కాపలా తిరగడానికి కావచ్చు. ల్యాబ్‌లో పనిచేసిన పద్ధతి అక్కడ పనిచేయదు. ల్యాబ్‌లో నేల చదునుగా ఉంటుంది, దానికంటే ఎత్తుగా కనిపించేదంతా అడ్డంకి. బయట ఈ లెక్క రెండు రకాలుగా తప్పుతుంది. మోకాలెత్తు గడ్డి గోడలా కనిపిస్తుంది, కానీ బండి దాన్ని తోసుకుని వెళ్ళిపోగలదు. నీళ్ళు తగ్గిన చెరువు అంచు బల్లపరుపుగా, శుభ్రంగా కనిపిస్తుంది, కానీ ఎండిన పైపొర విరిగితే చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది.

నాసా పంపిన స్పిరిట్ రోవర్‌కు అంగారకుడి మీద జరిగింది ఈ రెండోదే. 2009లో గట్టిగా కనిపించిన పైపొర చక్రాల కింద విరిగింది. అడుగునున్న మెత్తటి ఇసుకలో బండి చిక్కుకుపోయింది. నెలల తరబడి ప్రయత్నించినా బయటికి రాలేదు. 2010 జనవరిలో దాన్ని ఇక కదలని పరిశోధన కేంద్రంగా ప్రకటించారు.

అందువల్ల రోబో తన కెమెరా బొమ్మలోని ప్రతి చోటునూ చూసి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ చోటికి నేను వెళ్తే నాకు ఏమవుతుంది? ఇది రాయి, అది గడ్డి అని పేర్లు చెప్పడం ఆ జవాబులో ఒక భాగం మాత్రమే. కింద చెప్పే పనులన్నీ ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

లెక్కలు చేతికి అందేలా ఉండాలి కాబట్టి ఒక బండిని అనుకుందాం. నాలుగు చక్రాలు, నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో స్టీరియో కెమెరా (రెండు లెన్సులతో దూరం కూడా చూసేది), ఒక ఐఎంయూ (బండి వంపునూ కుదుపునూ కొలిచే సెన్సర్), చక్రాలకు ఎన్‌కోడర్లు (చక్రం ఎంత తిరిగిందో చెప్పేవి), జెట్సన్ లాంటి చిన్న కంప్యూటర్, అందులో రాస్ 2 అనే రోబో సాఫ్ట్‌వేర్. లైడార్, అంటే లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్, ఉంటే మంచిదే, లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు.

1. ముందు బండి హద్దులు కొలవండి

కోడ్ రాయడానికి ముందే ఈ పని చేయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. తర్వాత కాన్ఫిగ్ ఫైల్‌లో గరిష్ఠ వాలు ఎంత అని అడిగితే ఎక్కడో చూసిన అంకె వేస్తారు. ట్రాక్టర్ గమనించకుండా దాటేసే రాయి మీ బండికి గోడ కావచ్చు. దాటగల నేల ఏది, దాటలేనిది ఏది అన్నది బండిని బట్టి మారుతుంది.

ఇటుకలు, చెక్క పలకలు పేర్చి ఎంత ఎత్తు మెట్టు ఎక్కగలదో చూడండి. రెండు చక్రాలతో ఎదురుగా ఒకసారి, ఒక్క చక్రంతో మూలగా ఒకసారి. పొట్ట కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఒక పొడవాటి పలకను కొంచెం కొంచెం ఎత్తుతూ ఎంత వాలు ఎక్కగలదో, ఎంత వాలు దిగుతూ ఆగగలదో చూడండి. అడ్డవాలును మాత్రం బండికి తాడు కట్టి పరీక్షించండి. చిన్న బండ్లు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. వాలు కొలవడానికి ఫోన్‌లోని యాప్ సరిపోతుంది. ఇదంతా పొడి నేల మీద ఒకసారి, తడిపి ఒకసారి చేయండి. వచ్చిన అంకెల్లో ముప్పాతిక వంతునే హద్దుగా పెట్టుకోండి.

తర్వాత బ్రేకు దూరం. వదులు మట్టి మీద బండి ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు 2 మీటర్ల చొప్పున తగ్గించుకోగలదనుకుందాం. ఫోటో తీసిన క్షణం నుంచి బ్రేకు పడేదాకా 0.4 సెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకు 2 మీటర్ల వేగంలో ఉంటే ఆగడానికి 1.8 మీటర్లు కావాలి. అదే 4 మీటర్ల వేగంలో 5.6 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం మూడు రెట్లు దాటింది. ఈ దూరానికి రెట్టింపు ముందుచూపు ఉండేలా చూసుకోండి. అంటే 2 మీటర్ల వేగానికి దాదాపు 4 మీటర్ల ముందు నేల స్పష్టంగా తెలియాలి. ఈ 4 మీటర్ల అంకెను గుర్తు పెట్టుకోండి, కెమెరా కొనేటప్పుడు పనికొస్తుంది.

2. కెమెరాను ఎంచుకోవడం, బిగించడం

స్టీరియో కెమెరాలో రెండు లెన్సుల మధ్య దూరాన్ని బేస్‌లైన్ అంటారు. ఒకే వస్తువు రెండు బొమ్మల్లో ఎన్ని పిక్సెళ్ళు పక్కకు జరిగిందో చూసి దూరం లెక్కగడతారు. ఇందులో తెలుసుకోవాల్సిన విషయం, దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగు రెట్లు అవుతుంది. ఫోకల్ లెంగ్త్ 700 పిక్సెళ్ళు, బేస్‌లైన్ 12 సెంటీమీటర్లు, పోల్చడంలో పావు పిక్సెల్ తేడా అనుకుంటే, 5 మీటర్ల దగ్గర 7 సెంటీమీటర్ల పొరపాటు వస్తుంది. 10 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు. 20 మీటర్ల దగ్గర అది మీటరు దాటిపోతుంది. బేస్‌లైన్ 5 సెంటీమీటర్లే ఉన్న చిన్న కెమెరాలో, ఫోకల్ లెంగ్త్ 640 పిక్సెళ్ళైతే, 5 మీటర్ల దగ్గరే 20 సెంటీమీటర్లు. కెమెరా పెట్టె మీద 20 మీటర్ల రేంజ్ అని రాసి ఉండవచ్చు. ఆ దూరంలో రాయికీ నేలకూ తేడా తెలుస్తుందా అన్నది ఈ లెక్క వేస్తేనే తెలుస్తుంది.

ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు వేసి వాటి ఆధారంగా మాత్రమే దూరం చూసే కెమెరాలు, ఉదాహరణకు మొదటి కైనెక్ట్, ఎండలో పనిచేయవు. సూర్యకాంతిలో ఆ చుక్కలు మునిగిపోతాయి. రెండు లెన్సుల బొమ్మల్ని పోల్చే రకమే బయటికి తీసుకెళ్ళాలి. గ్లోబల్ షట్టర్, అంటే బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీసేది, ఉన్నది తీసుకోండి. రోలింగ్ షట్టర్ బొమ్మను పైనుంచి కిందికి వరుస వరుసగా తీస్తుంది. గతుకుల్లో బండి ఊగితే ఆ బొమ్మ వంకరపోతుంది, డెప్త్ (దూరం లెక్క) కూడా దానితోపాటే పోతుంది.

కెమెరాను వీలైనంత ఎత్తులో పెట్టి కొంచెం కిందికి వంచండి. ఆకాశం ఎక్కువ పడితే ఆటో ఎక్స్‌పోజర్ ఆకాశాన్ని చూసి బొమ్మను చీకటి చేస్తుంది, నేలలోని వివరం పోతుంది. ఎక్స్‌పోజర్‌ను బొమ్మలో కింది సగం ఆధారంగా లెక్కించేలా సెట్ చేయండి. లెన్సు మీద ఎండ నేరుగా పడకుండా చిన్న గొడుగులాంటి రేకు ఒకటి బిగించండి. సాయంత్రం ఎండ ఎదురుగా ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. దుమ్ము తుడవడానికి గుడ్డ ఎప్పుడూ బండితోనే ఉండాలి.

3. క్యాలిబ్రేషన్, టైమింగ్

క్యాలిబ్రేషన్ అంటే సెన్సర్లు ఒకదానికొకటి ఏ కోణంలో, ఎంత టైము తేడాతో ఉన్నాయో కొలిచి సరిచేయడం. ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే, కానీ ఇది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. గతుకు తగిలినప్పుడు బండి ముక్కు సెకనుకు 57 డిగ్రీల వేగంతో, అంటే ఒక రేడియన్ వేగంతో పైకి లేచిందనుకోండి. కెమెరా టైముకీ ఐఎంయూ టైముకీ 50 మిల్లీసెకన్ల తేడా ఉంటే కోణం లెక్కలో దాదాపు 3 డిగ్రీలు తప్పుతుంది. 5 మీటర్ల దూరంలో అది 25 సెంటీమీటర్ల ఎత్తు. లేని గోడ ఒకటి మ్యాప్‌లో మొలుస్తుంది, బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. మీరు నేలను గుర్తించే మోడల్‌ను తప్పుపడుతూ వారం గడుపుతారు.

ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్ళ కాలిబర్ అనే ఓపెన్ సోర్స్ టూల్ కెమెరాకూ ఐఎంయూకూ మధ్య కోణాన్నే కాక టైము తేడాను కూడా చెబుతుంది. కుదిరితే హార్డ్‌వేర్ ట్రిగ్గర్ (ఎప్పుడు ఫోటో తీయాలో వైరు ద్వారా చెప్పే సంకేతం) వాడండి. కెమెరా బిగించిన స్టాండు గట్టిగా ఉండాలి. ప్లాస్టిక్ త్రీడీ ప్రింట్ ముక్క మన ఎండాకాలంలో మెత్తబడి వంగుతుంది, అల్యూమినియం వాడితే ఆ టెన్షన్ ఉండదు.

4. నేలను గడులుగా విడగొట్టి ఎత్తు రాయండి

బండి చుట్టూ 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చతురస్రం తీసుకోండి. దాన్ని 10 సెంటీమీటర్ల గడులు చేస్తే 40,000 గడులు వస్తాయి. చిన్న కంప్యూటర్‌కు అది భారం కాదు. స్టీరియో ఇచ్చిన ప్రతి బిందువును దాని గడిలో వేసి, ఎత్తుతోపాటు ఆ ఎత్తు మీద నమ్మకం ఎంతో కూడా రాయండి. దూరంగా కనిపించిన బిందువుకు తక్కువ నమ్మకం, దగ్గరగా కనిపించినదానికి ఎక్కువ. బండి ముందుకు వెళ్తూ ఉంటే అదే గడికి మంచి కొలతలు వస్తాయి, పాతవాటి బరువు తగ్గుతుంది. రాస్‌లో గ్రిడ్ మ్యాప్ అనే లైబ్రరీ ఈ పనికోసమే ఉంది, మళ్ళీ మొదటి నుంచి రాయక్కర్లేదు.

ఎత్తులు వచ్చాక బండి సైజంత కిటికీని మ్యాప్ మీద జరుపుతూ మూడు విషయాలు లెక్కించండి. ఆ గడులకు దగ్గరగా సరిపడే సమతలం ఎంత వాలుగా ఉంది, పక్కపక్క గడుల మధ్య పెద్ద మెట్టు ఎంత, ఆ సమతలం నుంచి గడులు ఎంత చెదిరి ఉన్నాయి. ఈ మూడింటినీ మొదటి దశలో మీరు కొలిచిన హద్దులతో పోల్చండి. నాసా స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు తమంతట తాము నడిచినప్పుడు వాడిన పద్ధతికి మూలసూత్రం ఇదే. స్టీరియో బొమ్మల నుంచి గడులు, గడుల మీద బండి సైజంత సమతలం, దాన్నుంచి వెళ్ళవచ్చా లేదా అన్న నిర్ణయం.

ఒక గడిలో ఒక్క బిందువు కూడా పడకపోతే దాన్ని ఖాళీగానే ఉంచండి. పక్క గడుల ఎత్తుతో పూడ్చేయాలని మనసు పీకుతుంది, మ్యాప్ చూడటానికి బాగుంటుంది కూడా. చేయకండి. ఆ ఖాళీలో ఏముందో తర్వాత దశ చెబుతుంది.

5. గుంతలు

నా దృష్టిలో బయట తిరిగే రోబోకు అసలైన పరీక్ష ఇదే. రాళ్ళను పట్టుకోవడం తేలిక. కిందికి ఉన్నవాటిని, అంటే బోదెలు, పంట కాలువలు, గట్టు అంచులు, పూడ్చని గోతులు, వీటిని పట్టుకోవడం కష్టం. ఎందుకు కష్టమో లెక్కలోనే ఉంది.

అర మీటరు వెడల్పు బోదె 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కెమెరా 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. చూపు బోదె ఇవతలి అంచును రాసుకుంటూ వెళ్ళి అవతలి గోడను తాకుతుంది. ఆ గోడలో కనిపించేది పైన 3 సెంటీమీటర్లు మాత్రమే. బొమ్మలో అది 2 పిక్సెళ్ళు. అదే దూరంలో 30 సెంటీమీటర్ల రాయి 21 పిక్సెళ్ళు ఆక్రమిస్తుంది. 5 మీటర్ల దగ్గరికి వచ్చాక గోడ 6 సెంటీమీటర్లు, అంటే 7 లేదా 8 పిక్సెళ్ళు కనిపిస్తుంది. 4 మీటర్ల దగ్గర 11 దాటుతుంది. రాయి కనిపించే సైజు దూరంతోపాటు తగ్గుతుంది, గుంత కనిపించే సైజు దూరం వర్గంతో తగ్గుతుంది. మన బండి సెకనుకు 2 మీటర్లు దాటకూడదని నేను అనేది ఈ లెక్క వల్లే. అంతకుమించి వేగం కావాలంటే కెమెరా ఎత్తు పెంచండి. ఎత్తు రెట్టింపు చేస్తే కనిపించే గోడ కూడా రెట్టింపవుతుంది.

గుంత ఉందని చెప్పే గుర్తు సాధారణంగా మ్యాప్‌లో ఒక ఖాళీయే. ఇవతల నేల ఉంది, అవతల నేల ఉంది, మధ్యలో బిందువులు లేవు. ఖాళీ గడులు వరుసగా ఉండి, వాటికి అవతలి గడి ఇవతలి దానికంటే కిందుగా ఉంటే గుంత అని అనుమానించండి. ఆ అనుమానం తీరేదాకా దగ్గరికి మెల్లగా వెళ్ళి మళ్ళీ చూడమని బండికి చెప్పండి. ఎత్తుగడ్డ వెనక కూడా ఇలాగే ఖాళీ ఏర్పడుతుంది, అది నీడలాంటిది. దగ్గరికి వెళ్తే గడ్డ వెనక నేల కనిపిస్తుంది, గుంత అయితే ఇంకా లోతుగా కనిపిస్తుంది. రాత్రిపూట పనైతే థర్మల్ కెమెరా సాయపడుతుంది, పొద్దు గూకాక గుంత లోపలి మట్టి పైనేల కంటే నెమ్మదిగా చల్లారుతుంది.

చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్‌కు 2023 ఆగస్టు 27న 4 మీటర్ల వెడల్పు గుంత ఎదురైంది. అప్పటికి రోవర్‌కూ గుంతకూ మధ్య దూరం 3 మీటర్లే. ఇస్రో వాళ్ళు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళమని కమాండ్ పంపారు, రోవర్ కొత్త దారి పట్టింది. అంత పెద్ద గుంత విషయంలోనూ మిగిలింది 3 మీటర్లే. కిందికి ఉన్నదాన్ని తక్కువ ఎత్తు నుంచి చూడటం ఎంత కష్టమో ఈ అంకెలే చెబుతాయి.

నీళ్ళ మడుగు కూడా స్టీరియోకు గుంతలాగే కనిపించవచ్చు. నీటిలో ప్రతిబింబించిన చెట్టూ ఆకాశమూ నేలకు ఎంతో కింద ఉన్నట్టు డెప్త్ వస్తుంది. నేలకు కింద బిందువులు కనబడితే అది గుంతైనా, మడుగైనా మన నిర్ణయం ఒకటే. లైడార్ ఉంటే నిలకడ నీటి మీద చాలాసార్లు తిరుగు సిగ్నలే రాదు. దాన్ని కూడా ఖాళీ గడిగానే రాయండి.

6. నేల దేనితో ఉందో గుర్తించండి

ఆకారం ఒక్కటే చాలదు. అర మీటరు ఎత్తు గడ్డి దుబ్బూ, అర మీటరు బండరాయీ ఎత్తుల మ్యాప్‌లో ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ రంగు, టెక్స్చర్ చూసి ప్రతి పిక్సెల్‌కూ ఒక తరగతి చెప్పే, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ కావాలి.

నగరాల రోడ్ల మీద ట్రైన్ చేసిన మోడల్‌ను తెచ్చి పొలంలో పెడితే పనికిరాదు. అడవి, కొండ దారుల కోసం తయారైన డేటాసెట్లు, అంటే ఏది ఏమిటో లేబుళ్ళు రాసిన ఫోటోల సేకరణలు, ఉన్నాయి. 24 తరగతులున్న ఆర్‌యూజీడీ 2019లో వచ్చింది. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళ రెల్లిస్-త్రీడీలో కెమెరా, లైడార్ రెండిటికీ లేబుళ్ళు ఉన్నాయి. వీటితో మొదలుపెట్టవచ్చు. అయితే ఆ గడ్డి మన గడ్డి కాదు, ఆ మట్టి మన మట్టి కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు తయారు చేసిన ఐడీడీ ప్రధానంగా రోడ్ల డేటాసెట్ అయినా, అందులో ఒక మంచి ఆలోచన ఉంది. రోడ్డు పక్కనున్న మట్టిని రోడ్డు కానిదంతా ఒకటే అని వదిలేయకుండా, అవసరమైతే బండి దిగగల నేలకు విడిగా లేబుల్ ఇచ్చారు. మన రోడ్ల మీద నడిపేవాళ్ళకు ఆ అవసరం బాగా తెలుసు.

మీ చోటి ఫోటోలు మీరే లేబుల్ చేసుకోవాలి. తరగతుల్ని చక్రానికి కలిగే అనుభవాన్ని బట్టి పెట్టుకోండి, పదో పన్నెండో చాలు. గట్టి నేల, వదులు మట్టి లేదా ఇసుక, బురద, నీళ్ళు, పొట్టి గడ్డి, పొడుగు గడ్డి, ముళ్ళ పొద, రాయి, చెట్టూ స్తంభమూ కంచె, పంట, మనిషి లేదా పశువు, ఆకాశం. వేప, తుమ్మ అని చెట్లను విడదీయడం వల్ల చక్రానికి ఒరిగేది లేదు. కానీ సర్కారు తుమ్మ ముళ్ళు రాలిన నేలను మాత్రం గాలి టైర్లున్న బండికి విడి తరగతి చేయాలి. పంటను తప్పకుండా విడిగా పెట్టండి. వేరుశనగ మొక్కల మీదుగా బండి హాయిగా వెళ్ళగలదు, కానీ వెళ్ళకూడదు. ఆ విషయం కెమెరాకూ చక్రానికీ ఎప్పటికీ తెలియదు, మీరు చెప్పాలి.

నల్లరేగడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎండాకాలంలో అది పగుళ్ళు తీసి గట్టిగా ఉంటుంది, చిన్న చక్రం పగులులో ఇరుక్కోవడమే భయం. వాన పడితే అదే నేల చక్రాలకు అంటుకుని, టైరు గాడులన్నీ నింపేసి, పట్టు లేకుండా చేస్తుంది. వాన వెలిసి పైన ఎండ కాశాక రంగు మళ్ళీ లేతబడుతుంది, లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. ఈ మూడు స్థితుల ఫోటోలూ ఉండాలి, తేదీతో పాటు చివరి వాన ఎప్పుడు పడిందో కూడా రాసి ఉండాలి. ఎర్ర నేల, గరప నేల వానకు ఇంత మారవు. ఏ చెక్కలో కాలు దిగుతుందో, ఏ మూల ఊట ఉంటుందో ఆ పొలం రైతును అడగండి. మీ మోడల్ నెలల తరబడి నేర్చుకునేది ఆయన నిలబడ్డ చోటు నుంచే చెబుతారు. ఆయన మాటను మ్యాప్ మీద గీసుకుని లేబుళ్ళతో పోల్చి చూసుకోండి.

ట్రైనింగ్‌లో ఒక జాగ్రత్త. వీడియోలో పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకటే. వాటిని కలిపి ట్రైనింగ్‌కూ టెస్టుకూ పంచితే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, పొలంలో బండి తడబడుతుంది. ఒక రోజు డేటా మొత్తం ట్రైనింగ్‌కు, వేరే రోజు, వేరే పొలం డేటా టెస్టుకు పెట్టండి.

పచ్చని ఆకును రాయి నుంచి విడదీయడానికి ఇంకో దారి కూడా ఉంది. ఆకుల్లోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, ఆకు ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా తిప్పి పంపుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేసిన చవక కెమెరాతో ఈ తేడా పట్టుకోవచ్చు, నీడలో కూడా చాలావరకు పనిచేస్తుంది. వేసవిలో ఎండిపోయిన గడ్డి దగ్గర మాత్రం ఇది చేతులెత్తేస్తుంది.

7. బండి చేతనే బండికి పాఠం చెప్పించండి

చేత్తో లేబుల్ చేయడం ఎంతకీ తరగని పని. పైగా బొమ్మ చూసి ఆ నేల ఎంత మెత్తనో మీకు మాత్రం ఎలా తెలుస్తుంది? తెలిసేది చక్రానికే. చీకట్లో గట్టు మీద నడిచే మనిషి ముందు కాలు మోపి చూసుకుని, తర్వాత అలాంటి నేల కనిపిస్తే గుర్తుపట్టినట్టే, బండి తాను తొక్కిన నేలను గుర్తు పెట్టుకోవాలి.

పద్ధతి ఇది. బండిని మీరే రిమోట్‌తో నడపండి. కెమెరా, ఐఎంయూ, చక్రాల వేగం, మోటార్లు లాగే కరెంటు, అన్నీ ఒకే గడియారంతో రికార్డ్ చేయండి. తర్వాత చక్రాలు ఏ ఏ చోట్ల తిరిగాయో ఆ జాడను కొన్ని సెకన్ల ముందు తీసిన ఫోటోల మీద గీయండి. దూరం నుంచి ఆ చోటు ఎలా కనిపించిందో, తొక్కినప్పుడు ఎలా అనిపించిందో ఇప్పుడు జతగా ఉన్నాయి. ఐఎంయూ కుదుపు నేల ఎంత గతుకో చెబుతుంది. కరెంటు పెరిగితే నేల మెత్తగా ఉంది లేదా ఎక్కుడు ఉంది. చక్రం తిరిగిన వేగానికీ కెమెరా ఓడోమెట్రీ (వరుస బొమ్మల్ని పోల్చి బండి ఎంత కదిలిందో లెక్కించడం) చెప్పే అసలు వేగానికీ తేడా వస్తే చక్రం జారుతోంది. చక్రం సెకనుకు మీటరు చొప్పున తిరుగుతూ బండి 60 సెంటీమీటర్లే కదిలితే 40 శాతం జారుడు. ఆపర్చునిటీ రోవర్ 2005 ఏప్రిల్‌లో ఒక ఇసుక దిబ్బలో దిగబడి ఐదు వారాలకు పైగా చిక్కుకుంది. ఆ తర్వాత మెత్తటి నేల మీద మధ్యమధ్యలో కెమెరాతో జారుడు చూసుకుంటూ నడిపించారు.

ఈ ఆలోచనకు పేరు తెచ్చింది స్టాన్లీ. 2005 అక్టోబర్‌లో మొహావి ఎడారిలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని బండ్లకు పెట్టిన పోటీ, గ్రాండ్ ఛాలెంజ్‌లో 132 మైళ్ళు, అంటే దాదాపు 212 కిలోమీటర్లు, 7 గంటల లోపే పూర్తి చేసి స్టాన్‌ఫోర్డ్ వాళ్ళ ఆ బండి గెలిచింది. ముందటి ఏడాది పోటీలో ఏ బండీ 8 మైళ్ళు కూడా దాటలేదు. స్టాన్లీ లేజర్లు దగ్గరి నేలను చూసి ఇది బాగుంది అని తేల్చేవి. కెమెరా ఆ చోటి రంగును నేర్చుకుని, దూరంలో అదే రంగు ఎంతవరకు సాగిందో చూసేది. వెలుతురు మారినా, మట్టి మారినా పాఠం ఎప్పటికప్పుడు మారుతూ ఉండేది. కెమెరా మాటను స్టీరింగ్ తిప్పడానికి వాడలేదు, వేగం తగ్గించడానికే వాడారు. తక్కువ నమ్మకమున్న సెన్సర్‌కు తక్కువ అధికారం ఇవ్వడం మీరు కూడా పాటించండి.

ఇప్పుడు రంగు ఒక్కటే కాదు, బొమ్మల్ని అర్థం చేసుకునే డైనో లాంటి పెద్ద మోడళ్ళు ముందే నేర్చుకున్న లక్షణాల మీద చిన్న నెట్‌వర్క్ పెట్టి నేర్పవచ్చు. 2023లో వచ్చిన వైల్డ్ విజువల్ నావిగేషన్ పద్ధతిలో మనిషి రోబోను 5 నిమిషాల లోపు నడిపిస్తే చాలు, అది అక్కడి నేలకు అలవాటు పడుతుంది. కోడ్ కూడా అందుబాటులో ఉంది.

ఒక ఇబ్బంది ఉంది. మీరు బండిని మంచి నేల మీదే నడుపుతారు కాబట్టి చెడ్డ నేలకు ఉదాహరణలు ఉండవు. తొక్కనిదంతా చెడ్డది అని నేర్పితే బండి కొత్త దారి దేనికీ ఒప్పుకోదు. తొక్కనిదాన్ని తెలియనిదిగా ఉంచి, తెలిసినదానికి ఎంత దగ్గరగా ఉందో కొలిచే పద్ధతి వాడండి. కొన్ని చెడ్డ ఉదాహరణలు కావాలని సేకరించండి. మనిషి పక్కనుండి, నడక వేగంలో, తాడు కట్టిన బండిని ఇసుకలోకీ బురదలోకీ దించండి.

8. అన్నీ కలిపి ఒకే మ్యాప్

చాలా గైడ్లు ప్రతి గడికీ 0 నుంచి 100 దాకా ఒక కాస్ట్ (దాటడం ఎంత కష్టమో చెప్పే అంకె) వేయమంటాయి. ప్రతి గడిలో, ఇక్కడ ఎంత వేగంతో వెళ్ళవచ్చు అని రాయమని నేనంటాను. 37 కాస్ట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు. సెకనుకు అర మీటరు అంటే అది సరో కాదో పొలంలో నడిపి చూడవచ్చు.

మొదట ఆకారం మాట వినండి. హద్దు దాటిన మెట్టు, వాలు, గుంత ఉంటే వేగం సున్నా, దీనికి ఒకే మినహాయింపు గడ్డి. మోడల్ గడ్డి అని గట్టి నమ్మకంతో చెబితే, ఎత్తు మీ బండి తోయగల హద్దులో ఉంటే, నడక వేగంలో సగానికి అనుమతి ఇవ్వండి. గడ్డిలో రాయి దాగి ఉండవచ్చు, ఆ వేగంలో తగిలితే బండికి నష్టం ఉండదు. తర్వాత నేల రకాన్ని బట్టి వేగం తగ్గించండి. వదులు మట్టికి కొంత, తడి రేగడికి చాలా. పంటకూ నీళ్ళకూ సున్నా. తెలియని గడికి మెల్లగా వెళ్ళి చూడమని రాయండి. చివర్లో అడ్డంకుల చుట్టూ బండి సగం వెడల్పుతో పాటు, మ్యాప్ పొరపాటు ఎంత ఉంటుందో అంత కలిపి అంచు పెంచండి.

మనుషులు, మేకలు, కుక్కల విషయాన్ని ఈ మ్యాప్‌కు వదలకండి. కదిలేవాటికి విడి డిటెక్టర్, విడి బ్రేకు ఉండాలి. ఎవరైనా దగ్గరికి వస్తే బండి ఆగాలి, దానికి నేల ఎలా ఉందన్నదాంతో సంబంధం లేదు.

9. పొలంలో పరీక్ష

రికార్డ్ చేసిన డేటాను ముందు టేబుల్ మీద మళ్ళీ ఆడించి చూడండి. తర్వాత రిమోట్‌తో నడుపుతూ, బండి తన నిర్ణయాన్ని రాసుకునేలా మాత్రమే చేయండి. మీరు వెళ్ళిన చోట అది వద్దన్నదా, మీరు తప్పించుకున్న చోట అది సరేనన్నదా, రెండు లెక్కలూ విడివిడిగా పెట్టండి. మొదటి తప్పుతో టైము పోతుంది, రెండో తప్పుతో బండి పోతుంది. రెండూ కలిపి 92 శాతం కరెక్ట్ అని చెప్పుకోవడం వల్ల ఏమీ తెలియదు. పిక్సెళ్ళలో లెక్కపెట్టడం కూడా మోసమే. ఆకాశం, చెట్లు బొమ్మలో సగం నింపుతాయి, వాటిని సరిగ్గా చెబితే మార్కులు వచ్చేస్తాయి. బండి ముందున్న 4 మీటర్ల నేలలో, చదరపు మీటర్లలో లెక్కించండి.

బండి సొంతంగా నడిచే మొదటి రోజు ఆపే బటన్ చేతిలో ఉండాలి, అది సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా నేరుగా మోటార్ల కరెంటు కోయాలి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదున్నరకు ఒకే దారిలో నడపండి. పొడవాటి నీడల్ని బోదెలనుకోవడం, మిట్టమధ్యాహ్నం నీడలే లేక గతుకులు కనిపించకపోవడం, ఎదురెండలో సగం బొమ్మ తెల్లబడటం ఈ మూడు పరుగుల్లోనే బయటపడతాయి. ముందు పోయే ట్రాక్టర్ దుమ్ము లేపుతున్నప్పుడు కూడా ఒకసారి నడపండి. దుమ్ము మేఘాన్ని గోడ అనుకుంటే, రెండు సెకన్ల తర్వాత అక్కడ ఏమీ లేకపోతే ఆ గడుల్ని చెరిపేసే నియమం మ్యాప్‌లో ఉండాలి.

వాన పడ్డ మర్నాడు అదే దారిలో మళ్ళీ నడిపి, జారుడు 20 శాతం దాటిన ప్రతి చోటి ఫోటోనూ పక్కకు తీయండి. తర్వాతి ట్రైనింగ్‌కు ముందు ఆ ఫోటోల ఫోల్డర్‌నే తెరిచి లేబుల్ చేయండి.